నాలుగు వేల దగ్గర

చీమకుర్తిలో క్వారీ మూతబడ్డప్పుడు
మాలకొండయ్యకి రావాల్సిన దాంట్లో
సగం డబ్బు, సగం ఈ బండి.
ఓనరు కొడుకు రెండేళ్లు దూరాలు తిరిగి
విసుగెత్తి వదిలేసింది.
దున్నపోతు మెడంత ట్యాంకు, వెనక రెండు పెట్టెలు,
ముందు అద్దం కింద కంపెనీవాడు బిగించిన రెండు స్పీకర్లు.

"నిలబెట్టి వింటే బానే ఉంటది.
టంగుటూరు టోల్‌గేటు దాటి ఎనభై ఎక్కిందా,
గాలి తప్ప ఏం లేదు."
అరిచి చెప్పాడు. ఆయనెప్పుడూ అరిచే చెబుతాడు,
ఇరవై ఏడేళ్లు కంప్రెసర్ పక్కన నిలబడి
మాట్లాడటం అలవాటైనోడు.

ఒంగోలు కర్నూలు రోడ్డులో, నా షాపు ముందు,
బండి పొట్ట విప్పాను.
కాగితం కోన్లు, చుట్టూ చివికిన నురుగు.
సౌండు పెంచేకొద్దీ బేసు కోసేసే సర్క్యూటు,
బంతిలో నెయ్యి వడ్డించే పిసినారిలా
గరిటె వంచినట్టే వంచి వెనక్కి లాగుతుంది.

అవి పీకేశాం. కొత్తవి పెట్టాం.
కుడి పెట్టె అడుగున ఆంప్లిఫయర్,
బ్యాటరీకి జానెడు దూరంలో ఫ్యూజు,
సీటు కింద తీగలకి వాన తగలని తొడుగు.
ఇంజను ఆన్ చేస్తే పాట వెనక సన్నటి కూత,
యాక్సిలరేటర్‌తో పాటే పైకి లేస్తూ.
"ఎర్తు" అన్నాడు మా కుర్రాడు జిలానీ.
ఛాసిస్ మీద రంగు గీకి గీకి
ఇనుము తెల్లగా కనపడిన చోట బోల్టు బిగిస్తే
కూత చచ్చింది.
"భూమితో సరిగ్గా కలవకపోతే ఏదైనా ఏడుస్తది" అన్నాను.
పక్కనే టీ తాగుతున్న మాలకొండయ్య వినలేదు.

ఆయన పెన్‌డ్రైవ్ నిండా నాటకాల పద్యాలు,
తిరనాళ్లలో ఎవరో సెల్లులో పట్టినవి,
దగ్గులూ చంటిపిల్లల ఏడుపులూ వన్స్‌మోర్ కేకలతో సహా.
కళ్లు మూసుకుని విన్నాడు.
"హార్మనీ దిట్టంగా ఉంది. తాళాలేవి?"
ఉన్నాయి తాళాలు.
నా పళ్లు జివ్వుమనేంత ఉన్నాయి.

అప్పుడు ఫోన్లో కూతల పరీక్ష పెట్టాను,
వినపడితే చెయ్యెత్తమని.
ఐదొందలకి ఎత్తాడు. వెయ్యికి ఎత్తాడు.
రెండు వేలకి కాసేపు ఆలోచించి ఎత్తాడు.
నాలుగు వేల దగ్గర
చెయ్యి తొడ మీదే ఉండిపోయింది.
నా మొహంలోకి చూస్తున్నాడు,
నేనింకా మొదలెట్టలేదనుకుని.

అక్కడొక గొయ్యి,
తాడు వదిలితే అడుగు తగలని క్వారీ గొయ్యి.
ఆయన రాయిని తొలుస్తున్నన్నాళ్లూ
రాయీ ఆయన్ని తొలుచుకుంది.
బంగారు చుక్కల నల్లదిమ్మెలకి
నంబర్లేసి ఓడలెక్కించారు.
వీటికి నంబరెవరూ వెయ్యలేదు.

ఈక్వలైజర్లో ఆ ఒక్క గీతనీ
పైకి, ఇంకాస్త పైకి.
పని తెలిసినవాడెవడైనా చూస్తే తిడతాడు.

మర్నాడు తెల్లారగట్ల బైపాస్ మీద నేనే తోలి చూశా.
తొంభైలో, ఎదురుగాలిలో,
రేకుల షెడ్డు మీద మేకులు కుమ్మరించినట్టు తాళాలు.
తగ్గించబోయి బొటనవేలు బటన్ మీదే ఆగింది.
ఇంకొకరి కళ్లద్దాలు పెట్టుకుని
రోడ్డు చూస్తున్నట్టుంది.
పొగాకు బేళ్ల లారీ పక్కన పోతుంటే
క్లీనరు తల బయటపెట్టి తిట్టాడు.

సాయంత్రం మాలకొండయ్య ఎక్కి కూర్చుని తాళం తిప్పాడు.
"ఆఁ" అన్నాడు.
ఈసారి అరవలేదు.
మూడొందలు తగ్గించమని మాత్రం గట్టిగా అరిచి,
తగ్గించుకుని పోయాడు.

షట్టర్ దించేముందు, ఎందుకో,
అవే కూతలు నాకు పెట్టుకున్నా.
ఆటోలకీ డీజే బళ్లకీ డబ్బాలు కట్టిన ఇరవై రెండేళ్లు.
ఎత్తాను, ఎత్తాను, ఎత్తి, దించి,
"అయిపోయిందిరా, తర్వాతది పెట్టు" అన్నా.

జిలానీ చెయ్యి
ఇంకా పైనే ఉంది.